పెద్ద చేపకు రీలు ఎంచడం

బిలాస్‌పూర్ తెలుగు ఇళ్లలో ఎవరినైనా ఏం పని చేస్తావని అడిగితే రైల్వే షెడ్ అనో, గార్డ్ అనో, జోనల్ ఆఫీసు అనో జవాబు వస్తుంది. నేను రీళ్లు బాగుచేస్తానని చెప్తే సినిమా రీళ్లా అని అడిగేవారు. కాదు, చేపల గాలపు కర్రకు తగిలించే రీళ్లు అంటే, ఇక ఆ తర్వాత ఏమీ అడిగేవారు కాదు.

మా తాతది పలాస దగ్గర ఊరు. నాన్న ఇక్కడే లోకో షెడ్‌లో ఫిట్టర్. నేను ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చదివాను. రైల్వేలో ఉద్యోగం రాలేదు. దయాల్‌బంద్‌లో గాలాలు, కర్రలు, రీళ్లు అమ్మే ఒక బెంగాలీ ఆయన కొట్లో రిపేరు బల్ల ఖాళీగా ఉందంటే, వేరే ఏదైనా దొరికేదాకా అని వెళ్లి కూర్చున్నాను. చిన్న స్క్రూలు కంటికి ఆనకుండా పోయేదాకా ఆ బల్ల దగ్గరే ఉండిపోయాను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "దీదీ, బడీ మఛ్లీ కే లియే కౌన్‌సా రీల్ దూఁ?" అని అడుగుతారు. పెద్ద చేపకు ఏ రీలు ఇవ్వాలి అన్న ఈ ప్రశ్నకు ఫోన్లో జవాబు చెప్పలేను. అందుకే రాస్తున్నాను. తెలుగు చదవడం రానివాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చదివి వినిపించండి.

కొట్లో జీతం ఎంత, ఎప్పుడు పెరిగింది, ఎవరు మెచ్చుకున్నారు, ఇవేవీ రాయను. వాటివల్ల మీకు ఒరిగేది లేదు.

రీలు ఏం చేస్తుంది

ఫ్లై అంటే ఈకలూ దారమూ కలిపి గాలానికి కట్టిన ఉత్తుత్తి పురుగు, లేదా ఉత్తుత్తి చిన్న చేప. దానికి బరువుండదు. బరువంతా దాన్ని మోసుకెళ్లే లావుపాటి దారానికి ఉంటుంది. ఆ దారాన్ని, దాని వెనక ఇంకా పొడుగ్గా ఉండే సన్నటి దారాన్ని చుట్టి ఉంచేదే ఫ్లై రీలు. చూడటానికి పాతకాలపు బెంగాలీ వాళ్ల గాలపు చక్రంలాగే ఉంటుంది.

చిన్న చేపలకైతే ఏ రీలైనా ఒకటే. దారం పెట్టుకునే డబ్బా కింద లెక్క. కొండ నదుల్లో ఉండే మహసీర్ లాంటి చేపల దగ్గర అలా కుదరదు. అది గాలం తగిలిందని తెలిసిన మరుక్షణం ప్రవాహంలోకి తిరిగి ఒక్క ఉరుకు ఉరుకుతుంది. ఆ ఉరుకులో దాన్ని ఎవరూ ఆపలేరు. ఆపాలని చూస్తే దారం తెగుతుంది, లేదా ఇంకేదైనా పోతుంది. దాని వెంట దారాన్ని పోనిస్తూ, పోనిస్తూనే కొంచెం కొంచెం బరువు మోపుతూ అలసిపోయేలా చెయ్యాలి. ఆ బరువు మోపేది రీలు లోపల ఉండే బ్రేకు. డ్రాగ్ అంటారు.

కొనేవాళ్లందరూ అడిగేది ఒకటే. ఎంత గట్టిగా పట్టుకుంటుంది? పెట్టె మీద కూడా అదే పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. నా ఉద్దేశంలో అది అడగాల్సిన ప్రశ్న కాదు. ఎంత మెత్తగా వదలడం మొదలుపెడుతుంది, అదీ చూడాల్సింది. చెడ్డ డ్రాగ్ మొదట అంటుకుని ఉంటుంది, తర్వాత గుంజితే ఒక్కసారిగా జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. పెద్ద చేపలు పోయేది అక్కడే. మీ ముందున్న రీలులోంచి దారాన్ని రెండు వేళ్లతో నెమ్మదిగా లాగి చూడండి. మొదటి జానెడు ఎలా వచ్చిందో చివరి జానెడూ అలాగే రావాలి. వేలికి కుదుపు తగిలితే ఆ రీలు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

ఇంకొక సంగతి. దారం బయటికి పోయేకొద్దీ లోపలి చుట్ట సన్నబడుతుంది. చుట్ట సన్నబడితే అదే బ్రేకు ఇంకా బరువుగా లాగుతుంది. నీళ్లలో ఉన్న దారం బరువు దానికి తోడు. అంటే చేప దూరం పోయేకొద్దీ బ్రేకు వదులు చెయ్యాలి. నేను చూసిన మనుషులందరూ సరిగ్గా దానికి ఎదురు చేస్తారు. చేప దూరమవుతుంటే భయం వేస్తుంది, భయంలో చెయ్యి బిగిస్తుంది. చుట్ట మధ్యలోని గుండు పెద్దదిగా ఉన్న రీలు ఎంచమని నేను అందరికీ చెప్పేది అందుకే. అందులో చుట్ట అంత త్వరగా సన్నబడదు. మనిషి చేసే తప్పును అది కొంత తగ్గిస్తుంది.

దాదా

కొట్టు యజమానిని అందరూ దాదా అనేవారు. నేనూ అంతే. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం, కొనడానికి వచ్చినవాళ్ల చేతులు చూడటం. రీళ్లు చూపించే ముందు టీ తెప్పించేవాడు. గ్లాసు ఎలా పట్టుకుంటున్నారో చూసేవాడు. వేళ్లు వంగని వాళ్లకు, చెయ్యి వణికేవాళ్లకు పిడి పెద్దగా ఉన్నది తీసేవాడు. ఆ తర్వాత ఎక్కడ నిలబడతారని అడిగేవాడు. పడవలోనా, ఇసుకలోనా, రాళ్ల మీదా? చేప వెంట ఒడ్డున నడవడానికి దారి ఉందా? దారి లేకపోతే దారం ఎక్కువ పట్టే రీలు కావాలి. చేప పేరు ఆయన అన్నిటికంటే ఆఖరున అడిగేవాడు.

మంచివాడు, కానీ ఒక చెడ్డ అలవాటుంది. తను అమ్మిన వస్తువులో లోపం ఉందని ఎన్నడూ ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి కోర్బా విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరు ఒకాయన విరిగిన రీలు తెచ్చాడు. పోత పోసిన రకం. విరిగిన చోట లోహంలో గాలిబుడగ ఉంది. దాదా భూతద్దం పెట్టి చూశాడు. నాకు చూపించాడు కూడా. చూపించి, ఆయన వైపు తిరిగి, "ఆప్ నే గిరాయా హోగా," అన్నాడు. మీరే పడేసి ఉంటారని. ఇంజనీరు వెళ్లిపోయాడు. రెండు మూడు రోజులు దాదా అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత బస్సెక్కి కోర్బా వెళ్లి కొత్త రీలు ఇచ్చి వచ్చాడు. అప్పుడు కూడా క్షమాపణ చెప్పలేదట. కంపెనీ వాళ్లు కొత్తది పంపారని చెప్పాడట.

దాదా గురించి ఇది ఎందుకు రాశానంటే, నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు పక్కదారి వెతకడం ఆయన స్వభావం. చాలాసార్లు దయతోనే వెతికేవాడు. ఆ దయ నాకు ఒకరోజు చాలా కష్టం తెచ్చిపెట్టింది.

తువ్వాల్లో చుట్టి తెచ్చిన రీలు

జగన్నాథం గారు లోకో పైలట్‌గా రిటైరై నెహ్రూ నగర్‌లో ఉండేవారు. నాన్నకు తెలిసినవాళ్లు కాబట్టి నేను బాబాయ్ గారు అని పిలిచేదాన్ని. ఆయన తమ్ముడు సూరిబాబు గారు బొగ్గు కంపెనీ ఆఫీసులో పనిచేసేవారు. అన్నదమ్ములిద్దరూ సెలవు దొరికితే కలిసి గాలానికి వెళ్లేవారు. ఒక చలికాలం కొండల్లో ఒక నదికి వెళ్లారు. నది పేరు రాయను. పేరు రాస్తే వలలు, చేపలు చంపే మందుగుండు పట్టుకుని వెళ్లేవాళ్లున్నారు. అక్కడ సూరిబాబు గారు నీళ్లలో పడి చనిపోయారు. కాలు జారిందట అని తెలుగువాళ్లందరూ అనుకున్నారు. అంతకు మించి ఎవరికీ తెలియదు.

ఎండలు మొదలైన తర్వాత ఒక మధ్యాహ్నం జగన్నాథం గారు కొట్టుకు వచ్చారు. చేతిలో తువ్వాలు చుట్టిన కర్రముక్క, దానికే బిగించి ఉన్న రీలు.

"కూర్చోండి బాబాయ్ గారూ," అన్నాను.

"కూర్చోడానికి రాలేదమ్మా పార్వతీ. ఇది విప్పి చూసి నాకొక్క మాట చెప్పు. 'దారం రావట్లేదన్నయ్యా' అని వాడు అరిచాడు. ఎందుకు రాలేదో చెప్పు."

ఆ రీలు రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటే తర్వాత ఊరివాళ్లు తీసి ఇచ్చారట. మా కొట్లో కొన్నది కాదు. నేను బల్ల మీద గుడ్డ పరిచి విప్పడం మొదలుపెట్టాను. దాదా లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. జగన్నాథం గారు మాత్రం కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నారు.

లోపల ఇసుక ఉంది. అది నదిలో ఉన్నప్పుడు చేరిందే. డ్రాగ్‌లో కార్కు బెరడు బిళ్ల ఉంటుంది. దానికి అప్పుడప్పుడు నూనె పట్టించాలి, పని లేనప్పుడు వదులు చేసి ఉంచాలి. ఈ బిళ్ల ఎండిపోయి అద్దంలా నున్నగా మెరుస్తోంది. దారం చివర కట్టిన నైలాను చాలా లావుది. మనిషిని వేలాడదీసినా తెగేది కాదు. ఇక బ్రేకు మర, చివరి దాకా బిగించి ఉంది.

"ఏటి?" అన్నారాయన.

"మర బిగించి ఉంది బాబాయ్ గారూ. చివరి దాకా."

ఆయన ఒక చేత్తో బల్ల అంచు పట్టుకున్నారు. "నేనే బిగించాను," అన్నారు. "ముందురోజు ఒక చేప దారం లాక్కుపోతే, ఏటిరా ఇలగ వదులుగా పెట్టుకున్నావు, చేతకానివాడిలాగ, అని వాడి చేతిలోది తీసుకుని నేనే బిగించి ఇచ్చాను."

దాదాకు తెలుగు మాట్లాడటం రాదు గాని అర్థమవుతుంది. వెంటనే అందుకున్నాడు. రీలే చెడ్డది, బిళ్ల పాడైపోయింది, మర నదిలో రాళ్లకు తగిలి దానంతట అదే బిగుసుకుని ఉంటుంది, మీరు చేసిందేమీ లేదు. హిందీలో గబగబా చెప్పి, నువ్వూ చెప్పు అన్నట్టు నా భుజం మీద తట్టాడు.

చెప్పేస్తే అయిపోయేది. రీలుకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. దాని మీద నింద వేస్తే ఏడ్చేవాళ్లు లేరు. కానీ జీవితమంతా బ్రేకుల మీద చెయ్యి పెట్టి బతికిన మనిషి నా ఎదుట నిలబడి ఉన్నారు. అబద్ధం చెప్తే ఇల్లు చేరకముందే ఆయనకు తెలిసిపోతుంది. తెలిసిన తర్వాత ఇంకెవర్ని అడుగుతారు?

"నాకు కనబడింది చెప్తాను," అన్నాను. "రాళ్లలో పడ్డాక మర తిరిగిందో లేదో నాకు తెలీదు. బిళ్ల ఎండిపోయింది. మర సగమే బిగించి ఉన్నా ఈ బిళ్ల అంటుకుపోయేదే. బిళ్ల బాగున్నా, అంత బిగిస్తే దారం కష్టంగానే వచ్చేది. చివర నైలాను లావుది. సన్నదైతే తెగి చేప పోయేది, సూరిబాబు గారు ఉండేవారు. ఈ మూడింటిలో ఏది అని నేను చెప్పలేను. దారం ఎందుకు రాలేదో ఇంతవరకే చెప్పగలను బాబాయ్ గారూ. ఆయన కర్ర ఎందుకు వదిలెయ్యలేదో ఈ రీలులో లేదు."

ఆయన ఎండిన బిళ్లను వేలితో తడిమి చూశారు. బయట ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

"గూడ్స్ బండికి ఒక్కసారిగా బ్రేకు వెయ్యకూడదని నా కింద అసిస్టెంట్లకి చెప్పి చెప్పి నోరు పోయింది," అన్నారు చివరికి. "చేతిలో పట్టే ఈ ముక్కకి కూడా అదే లెక్కని నాకు తట్టలేదు చూడమ్మా. మా రైల్వేలో అయితే ఎంక్వైరీ పెట్టి, ఎవరిదో ఒకరిది తప్పని రాసీసి, సంతకాలు పెట్టీసి లేచిపోతారు. నువ్వలగ కూడా చెప్పలేదు."

రీలు బల్ల మీదే వదిలేసి, తువ్వాలు మాత్రం మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆ రోజు కొట్టు మూసేటప్పుడు దాదా హిందీలో, "ఆయన ఇవాళ నిద్రపోయేవాడు. నువ్వు పోనివ్వలేదు," అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయినా నా అభిప్రాయం మారలేదు. వస్తువు విప్పి చూపించమని అడిగిన మనిషికి కనబడినది చెప్పాలి. కనబడనిది కనబడిందని చెప్పకూడదు. ఓదార్పు ఇంకెవరైనా ఇవ్వగలరు. ఈ మాట చెప్పగలిగేది మనమొక్కళ్లమే.

హేమ

తర్వాత కొన్నేళ్లకు సూరిబాబు గారి కూతురు హేమ కొట్టుకు వచ్చింది. బ్యాంకులో ఆఫీసరు. ఆన్‌లైన్లో వీడియోలు చూసి, సెలవుల్లో ఎవరి దగ్గరో ఫ్లై విసరడం నేర్చుకుంది. చెయ్యి బాగానే తిరిగింది.

"ఆంటీ, నాన్న రీలు మీ దగ్గరే ఉందని అమ్మ చెప్పింది. అది రిపేర్ చేసిస్తారా? దాంతోనే వెళ్తాను. సేమ్ జగహ్, నాన్న వెళ్లిన చోటికే."

"అది నీళ్లలోకి వెళ్లదమ్మా," అన్నాను. "ఇంట్లో పెట్టుకుంటానంటే తుడిచి ఇస్తాను. చేపకు మాత్రం వేరేది."

ఎందుకని అడిగింది. బిళ్ల పాడైపోయిందని చెప్పాను. అది నిజమే. మిగతాది చెప్పాల్సిన మనిషిని నేను కాదు.

ఆ రోజు ఆమెకు రీలు ఎలా ఎంచానో కొంచెం వివరంగా రాస్తాను. ఈ ఒక్కటి అర్థమైతే మిగతావి మీరే ఎంచగలరు.

ఆమె వేలు పెట్టింది అద్దాల అల్మారాలో అన్నిటికంటే గట్టి డ్రాగ్ ఉన్న దాని మీద. చేతికిచ్చాను. బరువుకు ఆమె మణికట్టు వంగింది. రోజంతా విసిరే కర్రకు అంత బరువు కట్టుకుంటే, చేప పడే వేళకు చెయ్యి చచ్చుబడి ఉంటుంది. అది పక్కన పెట్టించాను. రెండోది తేలికే గాని పోత పోసిన రకం. ఆమె వెళ్లేది రాళ్ల మీదికి. ఒకసారి రాయికి కొట్టుకుంటే అంచు వంగి చక్రం తిరగదు. దాన్నీ వద్దన్నాను. మూడోది దిట్టమైన లోహపు కడ్డీలోంచి చెక్కింది. డ్రాగ్ లోపలికి నీళ్లు, ఇసుక పోకుండా మూసి ఉంది. గుండు పెద్దది. చక్రం అంచు బయటికి ఉంటుంది కాబట్టి, అవసరమైతే అరచేత్తో ఒత్తి బరువు పెంచుకోవచ్చు, చెయ్యి తీసేస్తే బరువు పోతుంది. మర తిప్పడం కంటే అది నయం. భయంలో తిప్పిన మర మళ్లీ వెనక్కి తిప్పడం ఎవరికీ గుర్తుండదు. అరచెయ్యి అయితే నొప్పి పుట్టి తనే లేస్తుంది.

చూడటానికి అది సాదాగా ఉంది. హేమకు నచ్చలేదు. "ఇతనా సింపుల్?" అంది. అప్పుడు కొట్టు ముందు సందులోకి తీసుకెళ్లాను. దారం కొసను దాదా మేనల్లుడి స్కూటర్ వెనక కట్టించి, నడపమన్నాను. స్కూటర్ కదలగానే చక్రం గిర్రున తిరిగింది. ఆమె గాభరాగా పిడి పట్టుకోబోయింది. పిడి వేలి ఎముకల మీద టపటపా కొట్టింది.

"హాయ్ రామ్!"

"అదే మొదటి పాఠం. అది పరిగెత్తుతుంటే పిడి జోలికి పోకు. గాజులు, ఉంగరాలు తీసేసి వెళ్లు. ఈసారి అరచెయ్యి అంచుకు ఆనించు. కొంచెమే."

మూడోసారికి దారం మెత్తగా పోవడం మొదలుపెట్టింది. సందులో జనం చేరారు. కూరగాయల బండి అతను, ఏం పట్టారు దీదీ, స్కూటర్ ఎన్ని కిలోలు అని అడిగాడు. అందరూ నవ్వారు, హేమ కూడా నవ్వింది.

ఆ తర్వాత దారం తెంచుకోవడం నేర్పించాను. కర్రను దారం వైపు నేరుగా చూపించి, అరచేత్తో చక్రాన్ని ఆపేసి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. చివర కట్టిన సన్నటి నైలాను టప్పున తెగుతుంది. అందుకని అక్కడ ఎప్పుడూ మన ఒంటి బరువుకు తెగిపోయే నైలానే కట్టాలి. ఎన్నిసార్లు కట్టినా అన్నిసార్లూ తెంచమన్నాను. రీలు అమ్మేవాళ్లు చేప పట్టడం నేర్పిస్తారు. పోగొట్టుకోవడం కూడా మీరే నేర్పాలి.

రీలు తీసుకెళ్లడానికి ఆమె మర్నాడు వచ్చేసరికి జగన్నాథం గారు కొట్లో కూర్చుని ఉన్నారు. మరదలి ద్వారా సంగతి తెలిసిందట.

"పెదనాన్నా? మీరేంటి ఇక్కడ?"

"ఇది నీకు అమ్మొద్దని చెప్పడానికి వచ్చాను."

"ఇక్కడ అమ్మకపోతే ఆన్‌లైన్‌లో మంగా లూంగీ, తెప్పించుకుంటాను."

"ఎందుకే నీకిది? ఇంట్లో మేమందరం బతికుండగా నీకు ఆ నది ఏటికి?"

హేమ గొంతు పెంచలేదు. "కాలు జారింది. ఇన్నేళ్లలో మీరు నాకు చెప్పింది ఆ ఒక్క మాట. బస్. ఆ చోటు ఎలా ఉంటుందో నాకు తెలీదు. అంత పెద్ద చేప లాగితే చేతికి ఎలా ఉంటుందో తెలీదు. నాన్నకి ఆఖర్న తెలిసింది అదే కదా పెదనాన్నా. నాకూ తెలియాలి."

ఆయన నా వైపు చూశారు. నేను చెప్పేశానేమోనని చూశారనుకుంటాను. నేను తల అడ్డంగా ఊపాను. రీలు వైపు తిరిగి, "అది ఎలగ జారుతాదో చూపించమ్మా," అన్నారు. రీలు చేతికిచ్చాను. కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో దారం లాగారు. మళ్లీ చుట్టి మళ్లీ లాగారు.

"మెత్తగా ఉంది," అన్నారు. తర్వాత, "నేనూ వస్తాను. పార్వతీ, నువ్వు కూడా రామ్మా," అన్నారు.

నా ఉద్యోగంలో కొనేవాళ్ల వెంట నదికి వెళ్లింది ఆ ఒక్కసారే.

నది దగ్గర

పొద్దున్నే రైలెక్కి కొండల్లో దిగి, అక్కడి నుంచి జీపులో వెళ్లాం. ఊళ్లో అనుమతి తీసుకున్నాం. పట్టిన చేపను తిరిగి వదిలెయ్యాలని అక్కడి కట్టడి. హేమకు నీళ్లలో తేలే లైఫ్ జాకెట్టు తొడిగించాను. నీళ్లలో అడుగు పెట్టకూడదని, ఎండి ఉన్న పెద్ద బండ దిగకూడదని ముందే మాట తీసుకున్నాను. జగన్నాథం గారు బండ వెనక, నీళ్లకు దూరంగా కూర్చున్నారు.

ఎండ మడుగు మీదికి వచ్చాక చేప పడింది. కర్ర వంగడం నేను చూశాను. ఆ వెంటనే రీలు పాడటం మొదలైంది. లావు దారం అంతా పోయి, వెనక సన్న దారం పరుగెత్తుతోంది. చేప మడుగు దాటి కింద నురగలోకి దిగింది. హేమ చెయ్యి డ్రాగ్ మర మీదికి వెళ్లింది.

"ఇచ్చీ!" వెనకనుంచి పెద్ద కేక. "ఇచ్చీమ్మా, దారం ఇచ్చీ! బిగించకు! ఎంత కావాలంటే అంత ఇచ్చీ!"

జగన్నాథం గారు లేచి నిలబడి ఉన్నారు. హేమ చెయ్యి మర మీద నుంచి లేచింది. అరచెయ్యి చక్రం అంచుకు ఆనింది. చేప ఇంకా పోయింది. చుట్ట సన్నబడి లోపలి గుండు కనబడబోయింది. అప్పుడు చక్రం నెమ్మదించింది, ఆగింది. ఆమె తిప్పడం మొదలుపెట్టింది. అది మళ్లీ పోయింది, ఈసారి అంత దూరం కాదు. ఏడుస్తూనే తిప్పింది. ముక్కు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు.

ఒడ్డుకు వచ్చిన చేప హేమ చెయ్యంత పొడుగుంది. పొలుసులు ఇత్తడి రంగు. అలసిపోయి ఒక పక్కకు ఒరిగింది. అలా వదిలేస్తే వెల్లకిలా తిరిగి చచ్చిపోతుంది. ఎవరో ఒకరు నీళ్లలో దిగి, ప్రవాహానికి ఎదురుగా దాని తల పట్టి నిలబడాలి. హేమను దిగొద్దని నేనే మాట తీసుకున్నాను. నేను చీర ఎగదోపుకుంటుంటే జగన్నాథం గారు నన్ను దాటుకుని వెళ్లారు. చెప్పులు విప్పలేదు. బండ పక్కన నీళ్లు తేటగా, నెమ్మదిగా ఉన్నచోట మోకాళ్ల దాకా దిగి, గాలం తీసేసి, రెండు చేతులూ చేప కింద పెట్టి పట్టుకున్నారు.

చాలాసేపు పట్టింది. ఆయన చలికి వణుకుతున్నారు. "ఊపిరి తీసుకో. తొందరేటి, నెమ్మదిగా తీసుకో," అని దానితో అంటున్నారు. మొప్పలు తెరుచుకుని మూసుకోవడం నాకు పైనుంచి కనబడింది. తర్వాత తోక కదిలింది. ఒక్కసారి విదిలించుకుని లోతులోకి పోయింది.

ఆయన మాత్రం కదల్లేదు. చేతులు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి.

"హేమా," అన్నారు. "మీ నాన్న అదిగో, ఆ నల్లరాయి మీద నిలబడ్డాడు. రీలు బిగించి ఇచ్చింది నేను. దారం రావట్లేదన్నయ్యా అని వాడు అరిస్తే, వదలకురా, వదలకు అని కేకేసిందీ నేనే. వాడు నా మాట ఎప్పుడూ కాదనలేదు కదమ్మా. వదల్లేదు. ఒక అడుగు ముందుకేశాడు. అంతే."

కేక సంగతి అప్పటిదాకా నాకు కూడా తెలియదు. కొట్లో చెప్పింది సగమే.

హేమ బండ మీద కూర్చుండిపోయింది. నల్లరాయి వైపు చూసింది. ఎండ మడుగు అవతలి ఒడ్డుకు జరిగేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. తర్వాత ఆమె లేచి, చెయ్యి చాచి ఆయనను నీళ్లలోంచి పైకి లాగింది. తన శాలువా తీసి ఆయన కాళ్లకు చుట్టింది. పక్కనే ఉన్న కర్ర తీసుకుని, రీలు ఆయన ఒళ్లో పెట్టింది.

"నైలాను తెగకముందే దారం జారాలి," అంది. "మీరే చూసి పెట్టండి పెదనాన్నా."

ఆయన మర తిప్పారు, దారం లాగి చూశారు, కొంచెం వదులు చేశారు. మళ్లీ లాగారు. చాలనిపించిందేమో, తలూపి ఆమె చేతికిచ్చారు. ఆమె సరిచూసుకోలేదు. వెళ్లి బండ మీద నిలబడి విసిరింది.

ఆ తర్వాత చీకటి పడేదాకా ఇంకో చేప పడలేదు. లేద్దామని ఎవరూ అనలేదు.